నీడ కొలిచే రోజు

బస్సు టెక్కలి దాటేలోపే యుగంధర్ మూడుసార్లు నోరు తెరిచి, మూడుసార్లూ మూసేశాడు.

పక్క సీట్లో వాళ్లమ్మ గురమ్మ పట్టుచీర కట్టుకుని, ఒళ్లో పూల సంచీ పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఆదివారానికి ఏకాదశి కలిసొచ్చిందనీ, అలాంటి రోజు చూసి వ్రతానికి పిలిచారంటే పిల్లది మంచి ఇల్లేననీ భావనపాడులో బస్సెక్కిన దగ్గర్నుంచీ మురిసిపోతోంది.

వ్రతం లేదు. అదే అతని భయం.

యుగంధర్‌కి కొత్తవలస స్టేషన్లో సిగ్నళ్ల పని. ఈశ్వరి అక్కడే స్కూల్లో లెక్కల టీచరు. రెండేళ్లుగా ఇద్దరూ విజయనగరంలో ఒకే ప్యాసింజర్ ఎక్కుతున్నారు. కిటికీ సీటు కోసం మొదలైన గొడవ పెళ్లి మాటదాకా వచ్చింది.

ఈశ్వరి నాన్న జగన్నాధం రిటైరైన సైన్సు మాస్టారు. వాళ్లింట్లో దేవుడి గది లేదు, పూజల్లేవు. ఏడాదికి ఒక్కటే పండుగ: డిసెంబరు ఇరవై రెండు, అన్నిటికన్నా పొట్టి పగలు. ఆ రోజు పెరట్లో కర్ర పాతి, మిట్టమధ్యాహ్నం దాని నీడ కొలిచి, వీధి వీధంతా కలిసి భోంచేస్తారు. ఈసారి అమ్మను తీసుకురమ్మంది ఈశ్వరి. అంతా ఉన్నదున్నట్టు చెప్పి మరీ తీసుకురమ్మంది. అతను సరేనన్నాడు. తీరా అమ్మ ముందు నిలబడేసరికి, సత్యనారాయణ వ్రతం అన్న మాట నోట్లోంచి దానంతటదే జారిపోయింది.

విజయనగరం అవతల ఈశ్వరి వాళ్ల ఊళ్లో ఆటో దిగేసరికి పదకొండు దాటింది. గుమ్మంలోనే కోడికూర వాసన గుప్పుమంది. యుగంధర్ ఓరగా అమ్మ ముఖం చూశాడు.

ఈశ్వరి నవ్వుతూ ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. గురమ్మ ఇల్లంతా కలయజూసి మండపం ఎక్కడని అడిగింది. ఏ మండపమని ఈశ్వరి తెల్లబోయింది.

"వ్రతానికి కదమ్మా పిలిసినారు. నాను ఉపాసం ఉన్నాను."

ఈశ్వరి యుగంధర్ వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. టికెట్ లేకుండా దొరికిపోయినవాణ్ని టీసీ చూసినట్టు చూసింది. బావి దగ్గరికి లాక్కెళ్లి, గొంతు తగ్గించి అడిగింది.

"మా ఇల్లంటే సిగ్గేసిందా నీకు?"

"సిగ్గు కాదు, భయం. అమ్మ వద్దంటాదేమోనని."

"పెళ్లయ్యాక కూడా నన్ను ఇలాగే దాస్తావా? ఇప్పుడే వెళ్లి సెప్పు. లేదంటే రిటర్న్ బస్సెక్కు."

అతను వెళ్లి, వీధివాళ్లంతా చూస్తుండగా తల్లి ముందు నిలబడి చెప్పేశాడు. గురమ్మ సంచీ భుజాన వేసుకుంది. వెళ్లిపోతోందనుకున్నాడు. ఆవిడ నేరుగా పెరట్లోకి నడిచి, టేపు పట్టుకుని కర్ర పక్కన ఉన్న జగన్నాధం ఎదుట ఆగింది.

"మాస్టారూ, మావోళ్లు సేపల వేటకెళ్లి ఒడ్డుకి రానప్పుడు నాను గంగమ్మ తల్లికి సెప్పుకుంతాను. మీకు భయమేస్తే ఎవలికి సెప్పుకుంతారు?"

జగన్నాధం చేతిలో టేపు కిందికి దించాడు. ఆరేళ్ల కిందట ఇదే నెలలో తన భార్య నారాయణమ్మ ఆసుపత్రిలో ఇరవై రోజులుండి కన్నుమూసిందని నెమ్మదిగా చెప్పాడు. ఆ ఇరవై రోజులూ ఈ వీధివాళ్లు తమ ఇంట పొయ్యి వెలిగించనివ్వలేదట. వంతులేసుకుని కారియర్లు పంపారట. అంతకుముందు నీడ కొలవడం స్కూలు పిల్లల కోసమే. భోజనాలు ఆ మరుసటి ఏడాది నుంచి మొదలయ్యాయి.

"పక్కింటోళ్లకి సెప్పుకుంటామమ్మా. పొద్దు ఇంత పొట్టిదైపోతే మనిషికి బెంగగా ఉంటాది. రేపట్నుంచి పగలు పెరుగుతాదని ఒకళ్లకొకళ్లం సెప్పుకోడానికే కూడుతున్నాం."

గురమ్మ కర్ర వైపు చూసింది. పన్నెండుకి ఐదు నిమిషాలుంది. టేపు ఒక కొస తనకివ్వమని చెయ్యి చాపింది.

నీడ కొలిచాక అందరూ బంతిలో కూర్చున్నారు. ఏకాదశి కాబట్టి గురమ్మ కోడికూర ముట్టలేదు. అందరి మధ్యా కూర్చుని అరటిపళ్లు తింటూ కొడుకుని పక్కకి పిలిచింది.

"ఆ పిల్ల దేవుణ్ణి నమ్మదు, సరే. నువ్వు అమ్మనే నమ్మలేదు. నాకు అదిరా బాధ."

అతను తల దించుకున్నాడు. గురమ్మ ఈశ్వరి వైపు తిరిగి, తనకు పిల్ల నచ్చిందనీ, కానీ తన అన్న గంగులు ఒప్పుకోనిదే తమ ఇంట పెళ్లి మాట కదలదనీ చెప్పింది.

"ఆయనకి ఏ వ్రతం సెప్తాడో మరి" అంది ఈశ్వరి, అతనివైపు చూడకుండా.

యుగంధర్ ఫోను తీసి, గంగులు నంబరు కలిపి, స్పీకర్ నొక్కి, అందరి మధ్యా పెట్టాడు.

"మావా, నాను సేసుకోబోయే పిల్ల దేవుడికి మొక్కదు."

అటువైపు నుంచి అలల హోరు వినిపిస్తోంది. ఎప్పుడు దగ్గరికి జరిగిందో గానీ, ఈశ్వరి అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

"సేపలు తింటాదా?" అన్నాడు గంగులు.

ఈశ్వరి ఫోను మీదకి వంగింది.

"తింటాను మావా. ముళ్లు తియ్యడమే రాదు. మీ మేనల్లుడు నేర్పాలి."