కల్తూమా కడిగిన తొట్టి

"ఏమయ్యా, ఇది నీళ్ళతొట్టా, కప్పల కాలేజీయా?"

టిజ్నిట్ ఊరి చివర మేస్త్రీ మౌలీద్ షెడ్డులో, ఇల్లుబండి లోపలి బల్ల ఎత్తి, దాని కింద తొట్టి మూత విప్పి, టార్చిలైటు వేసి చూసిన కల్తూమా అన్న మొదటి మాట అది.

బెలాయిద్‌కి రోషం రావాలి. వచ్చేదే. కానీ టార్చి పక్కకు తిప్పినప్పుడు ఆ వెలుతురు కాస్తా ఆమె మొహం మీద పడింది. రోషం గుమ్మం దాకా వచ్చి, చెప్పులు కూడా విడవకుండా వెనక్కి వెళ్ళిపోయింది.

చలికాలం వస్తే చాలు, ఫ్రాన్సు నుంచీ జర్మనీ నుంచీ ముసలి దంపతులు వంటా పడకా అన్నీ లోపలే ఉండే ఇల్లుబళ్ళు వేసుకుని కొంగల్లా ఆ ఊళ్ళో దిగుతారు. బళ్ళకు రంగులు, సీట్లకు బట్టలు, తొట్లకు స్నానాలు అన్నీ అక్కడే. అందులో తొట్ల పని మౌలీద్ కూతురు కల్తూమాది. ఆమె కడిగిన తొట్టిలో నీళ్ళు తాగితే పళ్ళూడిన దొర కూడా బాదంపప్పు కొరుకుతాడని చెప్పుకునేవారు. ఎన్ని పప్పులు కొరికాడన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

మోకాళ్ళు అరిగిపోయిన ఒక దొర దగ్గర బెలాయిద్ పాత బండి ఒకటి కొన్నాడు. పక్క కిటికీని కౌంటర్ చేసి, వాళ్ళమ్మ ఇజ్జాని వెంట పెట్టుకుని, సంత సంతకీ తిరిగి టీ అమ్ముతున్నాడు. తల్లి రొట్టె కాలుస్తుంది, కొడుకు టీ పోస్తాడు. ఈమధ్య సంతలో జనం గ్లాసు మూతిదాకా తెచ్చి, "ఇందులో పుదీనా వేశావా, పాచి వేశావా?" అని అడిగి వెళ్ళిపోతున్నారు.

"బండి కొన్నాక తొట్టి ఎప్పుడైనా కడిగావా?" అంది కల్తూమా.

"అందులో ఉండేది నీళ్ళేగా? నీళ్ళను దేంతో కడుగుతారు?"

కల్తూమా తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, ఇతనికి బండి అమ్మినాయన బుర్ర విడిగా అమ్ముతానని దాచుకున్నట్టున్నాడు."

మేస్త్రీ మౌలీద్ మీసాల చాటున నవ్వి సుత్తి అందుకున్నాడు.

ఆమె పనిలోకి దిగింది. ఉన్న నీళ్ళన్నీ వదిలేసింది. చెయ్యి భుజం దాకా దూర్చి జిగురుపట్టిన గోడలన్నీ బ్రష్షుతో రుద్దింది. మూలమూలకూ సోడా పట్టించింది. తర్వాత మంచినీళ్ళు నింపి, కొలిచి బ్లీచింగు కలిపి, వంటగది కుళాయి, స్నానాల కుళాయి, వేడినీళ్ళది, చన్నీళ్ళది అన్నీ ఒక్కొక్కటీ తిప్పి, ప్రతి గొట్టంలోంచీ ఘాటు వాసన వచ్చేదాకా ఊరుకోలేదు.

"ఇంక గార మిగిలితే వెనిగర్‌తో పోతుంది. కానీ ఇవాళ కాదు. బ్లీచింగూ వెనిగరూ ఒక్కరోజు ఒక్క తొట్టిలో దిగకూడదు. తోటికోడళ్ళలాగా. కలిశాయంటే ఇంట్లో వాళ్ళకి ఊపిరాడదు."

"నీకు చాలా తెలుసే!"

"నీకు తెలీనిదంతా చాలాలాగే కనపడుతుంది."

సాయంత్రానికి మళ్ళీ మళ్ళీ నింపి, మళ్ళీ మళ్ళీ వదిలి, చివరికి ఒక గ్లాసుడు పట్టి ఇచ్చింది. ఏ వాసనా లేదు. బెలాయిద్ గుక్క తిప్పుకోకుండా తాగి, దాహం తీరలేదని చెప్పి ఇంకో గ్లాసు అడిగాడు. ఆమె చేత్తో ఇస్తే అతను అట్లాంటిక్ సముద్రమైనా తాగేలా ఉన్నాడు.

అసలు కష్టం ఇంట్లోనే ఉంది. తల్లి ఇజ్జా ఆ నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి బయట ఉమ్మింది.

"ఇవేం నీళ్ళురా? ఆసుపత్రి వరండాలా ఉన్నాయి. వాసన లేని నీళ్ళు, చుట్టాలు లేని పెళ్ళి!"

ఆవిడ కొండపల్లెలో పుట్టిన మనిషి. అక్కడ తాగే కుండకి కత్రాన్ రాస్తారు. కొండచెట్ల కట్టె కాల్చి తీసిన నల్లటి తారు అది. రెండు చుక్కలు రాస్తే నీళ్ళకి కమ్మటి పొగవాసన పడుతుంది. అది లేని నీళ్ళు ఆవిడ లెక్కలో నీళ్ళే కావు. కొడుకు అలా వెళ్ళగానే సీసా తీసి తొట్టిమూతి దగ్గర వంచింది. రెండు చుక్కలు పడాల్సిన చోట, చెయ్యి జారి సగం సీసా పడింది.

మట్టికుండ తారుని పీల్చుకుని ఊరుకుంటుంది. ప్లాస్టిక్ తొట్టి అలా కాదు, తిన్నదంతా తిరిగి కక్కుతుంది. ఆ వారం సంతలో ఆ టీ ఆవిరి తగిలి ఒక గొర్రెలమంద దారి మర్చిపోయి సముద్రం దాకా నడిచిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక గొర్రె ఈత నేర్చుకుని వెనక్కి వచ్చిందని కూడా అంటారు గానీ, అంతవరకూ నమ్మనక్కర్లేదు.

బెలాయిద్ మళ్ళీ షెడ్డుకి వచ్చాడు. తల్లి చేసిన పని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇక ముట్టనని ఆవిడ ఒట్టేసిందనీ చెప్పాడు.

కల్తూమా ఈసారి పడీపడీ నవ్వింది. "తారు గోడలకి పట్టేసింది. ఊరికే నానబెడితే పోదు. తొట్టి సగం నింపి, మందు కలిపి, మెలికల దారిలో బండి తోలాలి. లోపల నీళ్ళు గోడలకేసి కొట్టుకోవాలి."

"నేను తోలతా. సరిగ్గా కొట్టుకుంటున్నాయో లేదో నాకెలా తెలుస్తుంది? ఎవరైనా చెప్పాలిగా!" అన్నాడు బెలాయిద్, పసిపిల్లాడంత అమాయకంగా.

"నేను చెప్తాలే, అబ్బాయ్," అంటూ మేస్త్రీ మౌలీద్ ముందుసీటెక్కి కూర్చున్నాడు. కల్తూమా వెనక, తొట్టి మీది బల్లమీద కూర్చుంది.

కెర్దూస్ కనుమ మలుపుల్లో బండి పాములా పోయింది. తొట్టిలో నీళ్ళు దభేల్ దభేల్మన్నాయి. మౌలీద్ రెండో మలుపుకే కళ్ళు మూసుకున్నాడు. నిద్రో, నటనో చెప్పలేం.

"ఇంకా గట్టిగా బ్రేకెయ్!" అంది వెనకనుంచి కల్తూమా.

వేశాడు. అద్దంలో ఆమె కళ్ళు కనిపించాయి.

"ఇప్పుడు ఎడమకి కొట్టు!"

కొట్టాడు. అద్దంలో కళ్ళు అక్కడే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. ఆ కొండల్లో వాన అంటే అల్లుడొచ్చినంత అరుదు. వైపర్లు వేయాలని బెలాయిద్‌కి తోచలేదు.

"దారి ముందుంది, వెనకాల కాదు," అంది కల్తూమా.

"దారి నాకు తెలిసిందే. వెనక ఉన్నదే తెలీటం లేదు."

ముందుసీట్లో మౌలీద్ దగ్గాడు. నిద్ర కాదన్నమాట.

తొట్టి మళ్ళీ మెరిసింది. బెలాయిద్ ఆ వారమంతా రాగాలు తీసుకుంటూ టీ పోశాడు. చక్కెర వేయడం మర్చిపోయినా ఎవరికీ తేడా తెలీలేదట. ఇక ఈ ఆదివారం ఎలాగైనా వెళ్ళి మనసులో మాట చెప్పేయాలనుకున్నాడు. ఆదివారం పొద్దున్న కుళాయి తిప్పాడు. గుప్పుమంది తారు.

షెడ్డు ముందు బండి ఆగగానే వాసన ముందుగా దిగింది. కల్తూమా నవ్వలేదు.

"మళ్ళీనా?"

"మా అమ్మే అయ్యుంటుంది..."

"మీ అమ్మ ఒట్టేసిందని నువ్వేగా చెప్పావ్? పెద్దావిడ మీదకి తోయకు. ఇక్కడికి రావడానికి వంక కావాలని నువ్వే పోశావు."

"నేను కాదు! నిజంగా..."

"రావాలని ఉంటే రావచ్చుగా? తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందిగా? నా పని పాడుచేసి రావాలా? ఈ తొట్టి గోడ గోడా నా చేత్తో రుద్దాను. ఊళ్ళో దొరలు ఏమంటున్నారో తెలుసా? కల్తూమా కడిగినా కంపు పోదు అంటున్నారు. నాకున్నది ఒక్కటే పేరు బెలాయిద్, అందులో తారు పోశావు." ఆమె గేటు రెక్క మీద చెయ్యి వేసింది. "ఇక ఈ గేటు దాటకు."

గేటు మూసుకుంది. బెలాయిద్‌కి బండెలా తోలాడో తెలియదు. ఇంటికి చేరాక తల్లి ముందు కూర్చుని, కల్తూమా పేరుకి పట్టిన కంపు సంగతీ, మూసుకున్న గేటు సంగతీ చెప్పాడు. ఇజ్జా రొట్టె పెట్టింది. ముట్టలేదు. టీ పోసింది. చూడలేదు. ఆవిడ కొడుకు మొహం చూసింది. తర్వాత లేచి, నీలంకాగితం చుట్టిన చక్కెర దిమ్మ ఒకటి చంకలో పెట్టుకుని, "బండి తియ్యి" అంది.

ఆ ఊళ్ళలో చక్కెర దిమ్మ చంకలో పెట్టుకుని ఆడపిల్లలున్న ఇంటికి ఎవరూ ఊరికే వెళ్ళరు.

గేటు తెరిచిన కల్తూమా, ఆవిడ చంకలోది చూసి తడబడింది. అయినా మొహం బిగించి, పెద్దావిడల్ని పిలిచే మర్యాద మాటతోనే అడిగింది. "లల్లా ఇజ్జా, మీ అబ్బాయి తప్పు మీ మీద వేసుకోమని పంపాడా?"

"నా కొడుక్కి ఒకరికి చెప్పి పంపేంత నోరే ఉంటే, నేను తొట్లో తారు పోయాల్సిన అవసరమేముంది తల్లీ?"

షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా! ఒట్టేశావుగా!" అన్నాడు బెలాయిద్.

"వేశాను. మొదటిసారి నీళ్ళకోసం పోశాను, అది నా తప్పు. రెండోసారి, తల్లీ, వీడికోసం పోశాను. కనుమ దిగి ఇంటికొచ్చి రొట్టెలో జాము బదులు సబ్బు రాసుకు తిన్నాడు. వీడంతట వీడు చెప్పేసరికి నాకు మనవల పెళ్ళిళ్ళు అయిపోతాయి. తొట్టి పాడైతే ఎలాగూ నీ దగ్గరికే వస్తాడుగా అనుకున్నాను. నీ పేరు పాడవుతుందని తోచలేదు. ముసలిదాన్ని, మన్నించు. సంత సంతలో నేనే చెప్తాను, కల్తూమా చేతిలో లోపం లేదు, ఈ ఇజ్జా చేతిలోనే ఉందని."

కల్తూమా ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని బెలాయిద్ వైపు తిరిగింది.

"మీ అమ్మ చెప్పింది. నువ్వేం చెప్తావ్?"

బెలాయిద్ నోరు తెరిచాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు.

"సరే. మాట రానివాడికి పనిస్తే సరి. ఈసారి తొట్టి నువ్వే కడుగు. సోడాతో. నేను చూస్తా."

బెలాయిద్ బల్ల ఎత్తి తల, భుజం తొట్టిలోకి దూర్చి రుద్దడం మొదలుపెట్టాడు. షెడ్డులో మౌలీద్ చక్కెర దిమ్మ పగలగొట్టాడు. కల్తూమా టీ కాచింది. ఇద్దరు పెద్దలూ గ్లాసులు పట్టుకుని, కొండల్లో వానల గురించి, బాదంతోటల గురించి, అసలు సంగతి తప్ప అన్నిటి గురించీ మాట్లాడుకున్నారు. చివరికి మౌలీద్ గ్లాసు కిందపెట్టి, "పిల్ల ఇష్టం, నాదేముంది" అన్నాడు. ఇజ్జా కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అలా తలకాయ తొట్టిలో ఉండగా బెలాయిద్‌కి ధైర్యం వచ్చింది. ఎదురుగా మొహం లేకపోతే మనిషికి మాటలు వస్తాయి కాబోలు.

"కల్తూమా!" అన్నాడు. తొట్టంతా మోగింది. "తొట్టి బాగున్నా రావాలని ఉంది. రోజూ రావాలని ఉంది. అసలు వెళ్ళకుండా ఉండిపోవాలని ఉంది. నన్ను చేసుకుంటావా?"

కల్తూమా బండి లోపలికి వెళ్ళలేదు. బయటినుంచి చుట్టు తిరిగి వచ్చి, నీళ్ళు పోసే గొట్టం మూత విప్పి, అందులో నోరు పెట్టి ఒకే మాట అంది.

"ఊఁ."

ఆ మాట గొట్టంలో పడి, జారి, తొట్టిలో బెలాయిద్ చెవుల చుట్టూ గిర్రున తిరిగింది. అతని తల ఠకీమని తొట్టి పైకప్పుకి కొట్టుకుంది.

"వినిపించలేదు!" అని అరిచాడు.

పచ్చి అబద్ధమని కల్తూమాకి తెలుసు. అయినా మళ్ళీ వంగింది.