పది తాళ్లు, కాలిన కొనలు

సోమవారం ఉదయం ఏడింటికి ఓషన్ స్టేషన్ టెక్నీషియన్ శవం జెట్టీ కింద తేలింది. జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో విదేశీ ఏజెంటు ఫోన్ నంబరు. ఎనిమిదిన్నరకల్లా ఫైల్లో రాసేశారు: డేటా అమ్మాడు, దొరికిపోతానని దూకాడు.

తొమ్మిదింటికి చీఫ్ ఏజెంట్ 41ని పిలిచాడు.

"పోయింది మీ బావ. ఈ పని నీకివ్వకూడదు. కానీ ఆ స్టేషన్ తెలిసినవాడివి నువ్వొక్కడివే."

"టైమెంత సార్?"

"పన్నెండు దాకా."

బ్రీఫింగ్ రెండు నిమిషాలు. సముద్రం పైపొరలో నీరు ఎటు, ఎంత వేగంతో పోతుందో తీరంలోని రాడార్ కొలుస్తుంది. దొంగచాటుగా వచ్చే పడవలు కూడా దానికి కనిపిస్తాయి. దాని కొలత సరిచూడటానికి నెల క్రితం పది డ్రిఫ్టర్లు నీళ్లలో వదిలారు. డ్రిఫ్టర్ అంటే నీటి వెంట పోతూ తానెక్కడుందో చెప్పే బోయా. రాడార్ సెకనుకు ఇరవై సెంటీమీటర్లంటే డ్రిఫ్టర్లు నలభై అన్నాయి. పన్నెండింటికి కమిటీ సంతకం పెడితే రాడార్ ఆగిపోతుంది. దాని కోసమే విదేశీ గూఢచారుల రింగ్ పడవలు మూడు బయట కాచుకుని ఉన్నాయి.

"ఇంకొకటి," అన్నాడు చీఫ్. "'అల తగ్గింది' అని ఎవరైనా అంటే వాళ్ల జోలికి వెళ్లకు. మన మనిషి."

41 ఖాకీ చొక్కా, కళ్లజోడు వేసుకుని స్టోర్ కీపరయ్యాడు. షెడ్డులో పది డ్రిఫ్టర్లు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని కింద తాడుకి గుడ్డ తెర వేలాడాలి. తెర నీటిని పట్టుకుంటుంది కాబట్టి గాలి డ్రిఫ్టరుని నెట్టలేదు. ఒక్కదానికీ తెర లేదు. 'పైకి తీసేటప్పుడు తెగాయి' అని రిజిస్టరులో ఉంది. ఆ రాత బావది కాదు. బావ రాసిన పేజీ చింపేసి ఉంది.

వాచీ డయల్ తిప్పితే లెన్స్ బయటికొచ్చింది. తెగిన నైలాన్ తాడు కొన చీపురులా విచ్చుకోవాలి. ఇవి కరిగి పూసల్లా గట్టిపడ్డాయి. పూసల మీద పాచి. అంత పాచి పట్టాలంటే మూడు వారాలు కావాలి. అంటే సముద్రంలోనే, మొదటి వారంలోనే కోశారు. ఆ తర్వాత డ్రిఫ్టర్లు కొలిచింది గాలిని. రాడార్ సరిగ్గానే ఉంది.

పదకొండు యాభై ఐదు. కమిటీ ఛైర్మన్ పెన్ను మూత తీశాడు. ఎదురుగా, డ్రిఫ్టర్లని చూడటానికి పడవలో వెళ్లొచ్చే కంపెనీ ఇంజినీరు ముత్యాల దండ సవరించుకుంటోంది. స్టేషన్లో అందరికీ ఆవిడ మేడమ్.

41 నైలాన్ తాడుకండె, కత్తెర పట్టుకుని ఆవిడ దగ్గరికెళ్లాడు. "రిపోర్టు కట్టకి తాడు కట్టాలి మేడమ్. నా చేతులకి గ్రీజు. కాస్త కోసి పెడతారా?"

"కత్తెర పట్టడం కూడా రాదా నీకు?"

నవ్వుతూ కోసింది. అలవాటుగా హ్యాండ్‌బ్యాగులోంచి కంపెనీ పేరున్న లైటర్ తీసింది. కొన కరిగించి గోటితో నొక్కింది.

41 ఆ తాడు తీసుకుని, జేబులోంచి తీసిన పది డ్రిఫ్టర్ తాళ్ల ముక్కల పక్కన పెట్టాడు.

"నైలాన్ కొనని పచ్చిగా వదలబుద్ధి కాదు కదా మేడమ్? తెరలు కోసినప్పుడు పడవలోనూ కాలేదు." ఛైర్మన్ వైపు తిరిగాడు. "సముద్రం తాడు తెంపుతుంది సార్. కొన కాల్చదు."

పదకొండు యాభై తొమ్మిదికి పెన్ను ఆగింది. రాడార్ ఆగలేదు.

మేడమ్ లైటర్ బల్ల మీదే వదిలి లేచింది. 41 పక్కనుంచి వెళ్తూ గొంతు తగ్గించి అంది: "అల తగ్గింది."

మధ్యాహ్నం చీఫ్ గదిలో 41 కూర్చోలేదు.

"మా బావని తోసింది ఆవిడే సార్."

"తెలుసు. కానీ రింగ్ లోపల మనకున్న చెవి ఆవిడొక్కతే."

"మరి ఆ తాళ్లు ఎవరు కోశారని రాస్తారు?"

"కొన కాల్చే అలవాటు మీ బావకీ ఉందిగా." చీఫ్ లైటరుని బల్ల మీద ఇవతలికి నెట్టాడు. "ఇది సాక్ష్యం కాదిక. ఉంచుకో."

సాయంత్రానికల్లా బావ క్వార్టర్స్ ఖాళీ చేయమన్నారు. 41 వెళ్లేసరికి అక్క అట్టపెట్టెలు కడుతోంది.

"ఏమన్నారురా?"

"రాడార్ ఉంటుందక్కా."

"మీ బావ సంగతి అడుగుతున్నా."

అతను తాడు లాగి ముడేసి, మిగిలింది కోశాడు.

"కొన కాల్చరా, విడిపోతుంది. ఆయన చూస్తే ఊరుకునేవాడా?"

41 జేబులోంచి లైటర్ తీశాడు. మొదటిసారికే వెలిగింది. కంపెనీ వాళ్ల సరుకులో నమ్మదగింది అదొక్కటే.