సెరామిక్ బ్లేడు వణికితే

సెరా తకుమా హాస్టల్ మెట్లమీద నుంచి జారిపడి చనిపోయాడని స్థానిక పోలీసులు తేల్చారు. మెట్లమీద పడేవాడు చేతులు అడ్డం పెట్టుకుంటాడు. సెరా రెండు చేతులూ కోటు జేబుల్లోనే ఉన్నాయి.

"ఎవరో అతని చేతుల్ని అక్కడ పెట్టారు" అన్నాడు హబుకా. కౌంటర్ ఇంటెలిజెన్స్ మూడో విభాగానికి అధిపతి ఆయన.

ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ కుసకాబె శవం ఫోటో తిరిగి ఇచ్చేశాడు. "ఏం పని చేసేవాడు సార్?"

"తోయామాలో అమగావా టర్బైన్ వర్క్స్‌లో ఇంజనీరు. విమానం ఇంజన్లకు సెరామిక్ కాంపోజిట్ బ్లేడ్లు చేస్తారక్కడ. బరువు తక్కువ, లోహం మెత్తబడే వేడిని కూడా తట్టుకుంటాయి. ఒకటే జబ్బు. వణుకు మొదలైతే ఆగదు. గాజుగ్లాసును చెంచాతో కొట్టినట్టు మోగుతూనే ఉంటాయి. మోగి మోగి విరుగుతాయి."

"మందు?"

"సెరా, మినోబె చిజురు అనే ఆవిడ కలిసి కనిపెట్టారు. ఇప్పుడు ఆవిడ ఒక్కతే మిగిలింది. ఎల్లుండి మధ్యాహ్నం పరీక్ష. విమానయాన కమిటీ చూడ్డానికి వస్తోంది. 'కొంగ' కూడా వస్తుంది."

కొంగ అంటే విదేశీ ముఠా. ఆ పేరు ఈ విభాగం పెట్టిందే. కదలకుండా నిలబడి, చేప దగ్గరికి వచ్చాకే ముక్కు దించే రకం.

"వాళ్ళలో మన మనిషి ఒకామె ఉంది. కిర్యూ రెమి. ఇంటర్‌ప్రెటర్. వాళ్ళ జీతం, మన జీతం రెండూ తీసుకుంటుంది."

"పని ఎవరికి చేస్తుంది?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతానయ్యా? మినోబెను బతికించు. మిగతాది తర్వాత చూసుకుందాం."

మర్నాడు కుసకాబె పానీయాల యంత్రాలు నింపేవాడి యూనిఫాంలో ఫ్యాక్టరీలోకి వెళ్ళాడు. ఆ బండి తోసుకెళ్ళేవాణ్ణి ఏ గేటు దగ్గరా ఎవరూ ఆపరు. నడుముకు కట్టుకున్న చిల్లర సంచిలో ట్రాన్స్‌మిటర్, చెవిలో బొత్తామంత రిసీవర్. అతనెవరో లోపల మినోబె ఒక్కతికే తెలుసు.

"కాఫీ నొక్కితే టీ వస్తోంది" అందామె అతని వెనక నిలబడి. "గూఢచారులకు పని నేర్పించి పంపరా?"

"రేపు సరిచేస్తానమ్మా. మీ మందేమిటో చూపించండి."

ఆమె అతని అరచేతిలో ఒక లోహపు ముక్క పెట్టింది. చింతగింజంత ఉంది. "డాంపర్. పక్కపక్క బ్లేడ్ల మధ్య, అడుగున కూర్చుంటుంది. బ్లేడ్లు బిగించిన చక్రం, అదే రోటర్, తిరిగితే ఇది బయటికి తోసుకొచ్చి రెండింటినీ ఒత్తుతుంది. బ్లేడు వణకాలంటే దీనికి రాసుకోవాలి. రాసుకుంటే వణుకు వేడిగా మారి చచ్చిపోతుంది."

"అంతేనా?"

"అంతే అనిపించడానికే ఎనిమిదేళ్ళు పట్టింది నాయనా."

"రహస్యం ఆకారంలో ఉందా?"

"బరువులో ఉంది. ఎక్కువైతే బ్లేడును బిగించేస్తుంది, రాపిడే ఉండదు. తక్కువైతే తాకీతాకనట్టు ఉంటుంది. రెండూ దండగే."

"పరీక్షప్పుడు మీరు కంట్రోల్ రూంలో ఉంటారుగా?"

"లేదు. గోడ పక్కన."

అది ఆ ఫ్యాక్టరీ ఆచారం. కొత్త బ్లేడు మొదటిసారి తిరిగేటప్పుడు, దాన్ని రూపొందించినవారు పరీక్ష గదిని ఆనుకుని, అందరికంటే దగ్గరగా ఒంటరిగా నిలబడాలి.

"ఉక్కు గోడేగా?"

"ఒక బ్లేడు విరిగితే ఆపుతుంది. సగం బ్లేడ్లు ఒక్కసారే విరిగితే రోటర్ ఇరుసు వదిలి వస్తుంది. దాన్ని ఆపదు."

"ఈ ఒక్కసారికి మానెయ్యండి."

"నేనే తప్పుకుంటే నా కింద పనిచేసేవాళ్ళు నా బ్లేడును నమ్ముతారా? సెరా గారుంటే ఇద్దరం నిలబడేవాళ్ళం." ఆమె డాంపర్ తీసుకుని వెళ్ళిపోయింది.

కుసకాబె ఆ రాత్రి మూడుసార్లు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బయట మంచు తప్ప ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే అతనికి నచ్చలేదు.

పరీక్ష రోజు మధ్యాహ్నం స్టేషన్‌లో, నిలబడి తినే సోబా కొట్టులో రెమిని కలిశాడు. ఆమె లోపలికి రాగానే నూడుల్స్ జుర్రుకునే చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"ఈ ఏడు మంచు తొందరపడింది" అన్నాడతను గిన్నెలోకి చూస్తూ.

"మా వీధికి ఇంకా దారి దొరకలేదు" అంది. అది జవాబు కోడ్. "యూనిఫాం బాగా నప్పింది అన్నయ్యా. ఇక ఇదే ఉద్యోగం చేసుకోరాదూ?"

"విషయం చెప్పు."

"స్టోరులోంచి అసలు డాంపర్లు బయటికొచ్చేశాయి. బూడిదరంగు కోటు వాడు, చేతిలో గుడ్డమూట. ఒంటిగంట రైలు. మీవాళ్ళందర్నీ ప్లాట్‌ఫారం మీద పెట్టండి. ఫ్యాక్టరీలో ఇక మీకు పనిలేదు."

ఆమె ఫోను మోగింది. "మా తమ్ముడు. జ్వరమట పాపం" అంటూ బయటికి వెళ్ళింది.

కుసకాబె గాజు తలుపులోంచి చూశాడు. ఆమె ఫోను చెవిన పెట్టుకుని వింటోంది. వింటూనే నడుము వంచింది. మళ్ళీ వంచింది. మూడోసారి తల మోకాళ్ళదాకా దించింది.

ఈ దేశంలో ఫోనులో మాట్లాడుతూ వంగనివాళ్ళు లేరు. అవతలివాడికి కనబడదని తెలిసినా నడుము ఆగదు. కానీ అది యజమానికి, అధికారికి, పిల్లనిచ్చిన మామకు. జ్వరంతో పడుకున్న తమ్ముడికి కాదు.

చెవిలో హబుకా గొంతు పలికింది. "కోటు వాణ్ణి పట్టుకున్నాం. మూట విప్పాం."

"ఏముంది?"

"చేప సుషీ. మావాళ్ళు ఇంకా వాసన చూస్తున్నారు."

బయటికి ఏమీ పోలేదు. అంటే లోపలికి ఏదో వచ్చింది. కిందటివారం లోహం సరఫరా చేసే విదేశీ కంపెనీ మనిషి స్టోరుకు వచ్చాడని గేటు పుస్తకంలో చూశాడతను. పక్కన ఇంటర్‌ప్రెటర్‌గా వచ్చింది రెమి.

"సార్, వాళ్ళకు కావలసింది డాంపర్లు కాదు. మినోబె ప్రాణం. రెమిని వదలకండి."

ఫ్యాక్టరీకి తిరిగి వెళ్ళే దారిలో అతని పానీయాల వ్యాను మంచులో రెండుచోట్ల జారింది. మినోబెకు ఫోను చేస్తే మోగింది గాని ఎవరూ తీయలేదు. పరీక్ష భవనంలోకి వెళ్ళేవాళ్ళు ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టెలో వదిలేయాలి. కంట్రోల్ రూం తలుపుకు లోపల గడియ. అద్దంలోంచి కమిటీ వాళ్ళ వీపులు, వాటి పైన మీటరు కనిపిస్తున్నాయి. రోటర్ వేగం పెరుగుతోంది. వణుకు చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది. అతను తలుపు బాదాడు. ఇంజన్ హోరులో ఎవరూ తిరగలేదు.

నడవా గోడ పొడుగునా పసుపు తాడు ఉంది. పైన బోర్డు: 'అనుమానం వస్తే లాగు. ఎవరైనా సరే.' ఎందుకని అడగడం, ఆపిన తర్వాతే.

ముల్లుకూ గీతకూ మధ్య వెంట్రుకవాసి మిగిలింది. కుసకాబె రెండు చేతులతో తాడు లాగాడు.

సైరన్ మోగింది. ముల్లు గీతను తాకి, అక్కడే ఒక క్షణం కొట్టుకుని వెనక్కి జారింది. హోరు ఈలగా మారి సన్నగిల్లింది.

మినోబె గోడ మలుపు తిరిగి వచ్చింది. ముఖం కందిపోయి ఉంది. "లాగిందెవరు?"

"నేను."

ఆమె పళ్ళ బిగువున వంగింది. తాడు లాగినవారికి ముందు కృతజ్ఞత చెప్పాలి, అది రూలు. "ఆపినందుకు ధన్యవాదాలు. ఇప్పుడు చెప్పు, ఎందుకు ఆపావు? కారణం సరిగ్గా లేదో, నీ కాఫీ నీ నెత్తినే పోస్తాను."

"స్టోరు నుంచి తెచ్చినవాటిలో మిగిలిన డాంపర్ ఒకటి తూచండి."

తూచింది. త్రాసు అంకె చూసింది. ఇంకోటి పెట్టింది. ఆకారం అదే, మెరుపు అదే, బరువు సగం. ఆమె వెనక్కి తిరిగి తాను నిలబడిన చోటు చూసింది.

"ఇవి మార్చారని సెరా గారికి తెలిసిపోయింది" అంది. "అందుకే..."

రెమిని స్టేషన్‌లోనే పట్టుకున్నారు. ఫోనులో ఆమె వంగిన సంగతి కుసకాబె చెబితే నవ్వింది. "మా అమ్మ పెంపకం అన్నయ్యా. దేశాన్ని అమ్మినా అది పోలేదు."

మర్నాడు, రాత్రికి రాత్రి సరైన బరువుతో చేయించిన డాంపర్లు బిగించి మళ్ళీ పరీక్ష పెట్టారు. మినోబె గోడ పక్కనే నిలబడింది. ఆచారానికి విరుద్ధమని తిడుతూనే, పక్కన కుసకాబెకు చోటిచ్చింది. రోటర్ పూర్తి వేగం అందుకుంది. వణుకు ముల్లు అడుగునే పడుకుంది. కమిటీ పెద్దాయన మీటరు అద్దాన్ని వేలితో తట్టి, "ఇది అసలు పనిచేస్తోందా?" అని అడిగాడు.

రిసీవర్‌లో హబుకా నిట్టూర్చాడు. "మన విభాగం గురించి బడ్జెట్ వాళ్ళు ప్రతి ఏప్రిల్‌లో అడిగేదీ అదే."