ఆరు మీటర్ల దగ్గర

నీళ్ళు నిండిన ఆ పాత రాతి క్వారీ దగ్గరికి నర్సు చలికాలపు ఉదయం ఎనిమిదింటికల్లా వచ్చేసింది. ఆరు నెలలుగా ఆమె ఆదివారాలన్నీ అక్కడే గడుస్తున్నాయి. భర్తతో తెగతెంపులై మూడేళ్ళయింది. వార్డులో రోజంతా ఎవరెవరి చేతులో పట్టుకుని ధైర్యం చెబుతుంది. ఇంటికొచ్చాక తాళం తీసుకోవడం, లైటు వేసుకోవడం, రెండు ముద్దలు మింగి పడుకోవడం. నీళ్ళ కింద ఎలాగూ ఎవరూ మాట్లాడరు. అక్కడ ఒంటరితనం అంత బరువనిపించదు.

ఆ రోజు ఆఖరి పరీక్ష. అరవై మీటర్ల లోతు. డైవింగ్ నేర్పే మాస్టారు ఆమె సిలిండర్లు తడిమి చూస్తూ చెప్పారు.

"అంత లోతున మామూలు గాలి పీలిస్తే తాగినట్టు మత్తెక్కి, లేనివి కనిపిస్తాయమ్మా. అందుకే హీలియం కలిపాం. బుర్ర తేటగా ఉంటుంది. ఇది పీల్చాక కింద ఏం కనబడినా, అది ఉన్నట్టే లెక్క."

"భయపెడుతున్నారా మాస్టారూ?"

"ధైర్యం చెబుతున్నా. పైకొచ్చేటప్పుడు ఆరు మీటర్ల దగ్గర ఇరవై రెండు నిమిషాలు ఆగాలి. తొందరపడ్డావో, రక్తంలో బుడగలు పుట్టి ప్రాణం మీదికొస్తుంది. అక్కడంతా పచ్చటి నాచు, మనిషికి మనిషి కనబడడు. నీ చేయి పట్టుకుని, నీ పక్కన వేలాడే ఈ చిన్న సిలిండర్లోని ఆక్సిజన్ గొట్టం నేనే అందిస్తా. ఒకసారి నొక్కితే ‘బాగున్నావా’ అని. నువ్వూ ఒకసారి నొక్కు."

దిగడం సాఫీగానే జరిగింది. అడుగున నలుపు, చలి. తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తాడు పట్టుకుని, చెప్పిన చోటల్లా ఆగుతూ, మాస్టారి కంటే కాస్త ముందుగా ఆమె నాచు పొరలోకి వచ్చింది.

కుడి పక్కనుంచి ఒక చేయి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. పెదవికి గొట్టం తగిలింది. నోట్లోని పాత గొట్టం వదిలి, దాన్ని పంటితో పట్టి పీల్చింది. ఆ చేయి ఒకసారి నొక్కింది. ఆమె కూడా నొక్కింది.

హాయిగా అనిపించింది. తన చేతిని ఇలా ఒకరు పట్టుకుని ఎన్నాళ్ళయిందో...

ఎనిమిదో నిమిషంలో ఆమె బొటనవేలికి ఏదో గరుగ్గా తగిలింది. గోరు.

మాస్టారివి మందపాటి రబ్బరు తొడుగులు. ఈ చేతికి ఏమీ లేదు. పైగా అంత చల్లటి నీళ్ళలో... వెచ్చగా ఉంది.

కాళ్ళ కింద టార్చి వెలుగు కదిలింది. ఒక్క క్షణం నాచు పలచబడింది. మూడు మీటర్ల దిగువన మాస్టారు. కాలు పాత ఇనప తీగలో చిక్కుకుపోయి, ఒక్కరే పెనుగులాడుతున్నారు.

మరి ఈ చేయి...

ఆమె లాక్కుంది. రాలేదు. పట్టు బిగిసింది. ఇంకా పద్నాలుగు నిమిషాలు. పైకి వెళ్తే చావు. ఉంటే... తెలియదు.

చేయి ఒకసారి నొక్కింది. ఆమె బదులివ్వలేదు. మళ్ళీ నొక్కింది, నిద్రపట్టని రోగిని ఊరడిస్తున్నట్టు మెల్లగా. మూడోసారికి ఆమె వేళ్ళు వాటంతటవే బదులిచ్చాయి. పట్టు సడలింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. సమయం అయిందని, లోతూ గాలీ లెక్కకట్టే చేతి కంప్యూటర్ కూయగానే, ఆ చేయి తనే వదిలేసింది.

గట్టెక్కి, మాస్టారి ఊపిరి బుడగలనే చూస్తూ కూర్చుంది. అరగంటకి ఆయన పైకి తేలారు.

"తీగలో ఇరుక్కుపోయానమ్మా. నిన్ను అందుకోలేకపోయా. గొట్టం నువ్వే మార్చుకున్నావు కదూ? మంచి పని చేశావు."

ఆయన ఆమె చిన్న సిలిండర్ వైపు వంగారు. గొట్టం రబ్బరు పట్టీ కింద మడిచినట్టే ఉంది. ముల్లు నిండుగా చూపిస్తోంది. ఆమె చేతి కంప్యూటర్ చూశారు. ఆరు మీటర్లకు చేరాక పెద్ద సిలిండర్లలోంచి కూడా ఒక్క ఊపిరి తగ్గలేదు.

"మరి ఇరవై రెండు నిమిషాలూ... ఏం పీల్చావమ్మా?"

ఆ చలికి ఆయన మాటతో పాటు నోట్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది.

"ఏమో మాస్టారూ" అంది ఆమె.

ఆమె నోట్లోంచి ఆవిరి రాలేదు.