గొంతులు కట్టిన పెట్టెలు

మాఘ అమావాస్య... సూర్యగ్రహణం!

పట్టపగలే విశాఖపట్నం మీద బూడిదరంగు చీకటి దిగుతోంది. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు శవాల్లా కదలకుండా పడి ఉన్నాయి. పూర్ణా మార్కెట్ దుకాణాలన్నిటికీ తలుపులు పడ్డాయి. వేళ తప్పి మేల్కొన్న గుడ్లగూబ ఒకటి ఐసు ఫ్యాక్టరీ కప్పు మీద కూర్చుని... ఆగి ఆగి... అమంగళంగా కూస్తోంది! మబ్బు లేని ఆకాశంలో ఉరుము దొర్లింది!

ఆ నిర్మానుష్యమైన వీధిలో తవిటయ్య తన భార్యను భుజాన వేసుకుని పరుగెడుతున్నాడు. వలతాడుతో కట్టిన ఆమె చేతులు అతని వీపును రక్కుతున్నాయి. గౌరీశ్వరి నోట వస్తున్నది ఆడగొంతు కాదు... ఏదో పాతాళగుహలోంచి వస్తున్న కర్కశమైన మగగొంతు!

"ఈ ఒల్లు నాదిరా... నీకియ్యను!"

తవిటయ్య పళ్ళు బిగించి పరుగు పెంచాడు.

ఉక్కు కర్మాగారానికి పునాదులు తవ్వుతున్న రోజులవి. రొయ్యల ధర పెరిగి, రెండు బోట్ల యజమాని తవిటయ్యకు చేతినిండా సంపాదన. గౌరీశ్వరికి సినిమా అంటే ప్రాణం. ఆమె కోసం ఇంట్లోనే ఓ గది పెద్దది చేసి, తెర కట్టి, ఓడవాళ్ళ దగ్గర ప్రొజెక్టర్ కొన్నాడు. ఇక కావలసినవి స్పీకర్లు. ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగారు. ఒకటి రేకుడబ్బాలా మోగింది. మరొకటి గాజువాక బస్సు హారన్‌లా చెవులు చిల్లులు పడేలా అరిచింది.

"సినిమాలో మడిసి మన పక్కన కూకుని మాటాడినట్టుండాల బావా," అంది గౌరీశ్వరి.

అలాంటివి పోలిరాజు దగ్గర ఉన్నాయని ఎవరో చెప్పారు. మార్కెట్ వెనక గోదాములో స్పీకర్లకు చెక్కపెట్టెలు చేసే మనిషి. సన్నగా, నల్లగా, రెప్పవేయని కళ్ళతో... అతను పెట్టిన పాట వినగానే గౌరీశ్వరి ఒళ్ళు పులకరించింది. "ఎంచుకునేముందు నీ గొంతుతో చూసుకోవాల తల్లీ. మైకులో నీ పేరు సెప్పు," అన్నాడు పోలిరాజు. ఆమె నవ్వుతూ చెప్పింది. పెట్టె ఆ పేరును తిరిగి పలికింది... అచ్చం ఆమెలాగే!

తెల్లవారేసరికి గౌరీశ్వరి గొంతు పోయింది. ఆ మర్నాడు మరేదో గొంతు వచ్చింది!

ఆసుపత్రులు, తాయెత్తులు, మొక్కులు... ఏదీ పనిచేయలేదు. చివరికి తవిటయ్య తల్లి జోగమ్మ సంగతంతా విని వణికిపోయింది. "ఆడు గొంతుకట్టు కట్టీసినాడ్రా! దీని గొంతు లాగీసి పెట్టెలో బంధించీసినాడు! ఖాళీ కొంపలో దెయ్యం దూరినట్టు దీని గొంతులో పిశాచం సేరింది. గ్రానం ఇడిసేలోగా దీని గొంతు తేకపోతే మరి రాదు. బేగెల్లు నాయినా!"

తవిటయ్య గౌరీశ్వరిని మోసుకొచ్చేసరికి గోదాము తలుపు తెరిచే ఉంది.

లోపల ఎర్రబట్ట కట్టుకుని, నుదుట రక్తతిలకంతో పోలిరాజు! ఎదుట పసుపుకుంకుమలు పూసిన మహాకపాలం. దాని కోరల మధ్యనుంచి ఒక రాగితీగ బయలుదేరి, గోడల పొడవునా పేర్చిన పెట్టెలన్నిటినీ చుట్టుకుంటూ పోయింది. వెనకపలక లేని ఆ పెట్టెల్లో అయస్కాంతం ఉండవలసిన చోట... ఒక్కొక్క పుర్రె! తీగతో నోరు కుట్టిన పుర్రె!

"నీకోసమే సూత్తన్నాను తవిటయ్యా! సొంతోడు తప్పు పెట్టె ముట్టుకుంటేనే కట్టు గట్టిపడద్ది. ఎంచుకో! తప్పావో... నీ గొంతూ నాదే!"

అతను కపాలం మీద చెయ్యి వేశాడు. పెట్టెలన్నీ ఒక్కసారిగా గౌరీశ్వరి గొంతుతో ఏడ్చాయి!

"బావా... నన్ను తీసుకుపో... బావా... నానే... బావా!"

తవిటయ్య పిచ్చివాడిలా ఒక్కో పెట్టెకీ చెవి ఒగ్గాడు. అదే గొంతు... అదే వేడుకోలు! కిటికీలోంచి పడే వెలుగు సన్నబడి ఆరిపోతోంది. తను నేలమీద దించిన గౌరీశ్వరి దేహం విల్లులా వంగి గిలగిలలాడుతోంది. "ఏది గౌరీ... ఏది నువ్వు?" అని నేల మీద తల బాదుకున్నాడు.

అప్పుడు మూలనున్న పాత పెట్టెలోంచి, మిగతావాటికి భిన్నంగా, ఆయాసపడుతూ ఒక మాట వచ్చింది.

"బావా... ఇక్కడ నా పక్కనో సిన్నగుంట ఉంది. అమ్మ కావాలని ఏడుత్తంది. ముందు దాన్ని ఇడిపించు."

తవిటయ్య తల ఎత్తాడు. ఇదే అసలు గొంతు! అలా అనగలిగేది తన గౌరి ఒక్కతే!

"నువ్వు రాయే!" అని గొల్లుమన్నాడు.

"నానొక్కర్తినీ రాను. అందర్నీ ఒగ్గీసి ఎలాగొత్తాను బావా?"

పోలిరాజు కళ్ళలో మొదటిసారి భయం తొణికింది. "ముట్టుకో! ఆ పెట్టె ముట్టుకుని నీ పెళ్ళాన్ని పట్టుకుపో!" అని అరిచాడు.

తవిటయ్య ఏ పెట్టెనూ ముట్టుకోలేదు. మొలలోని వలకత్తి దూసి మహాకపాలం మీదికి దూకాడు. "అందరూ ఎవులో కన్న ఆడకూతుళ్ళేరా!" అంటూ దాని కోరల మధ్య తీగను ఒక్క వేటుతో తెంచాడు!

క్షణం... నిశ్శబ్దం.

మరుక్షణం పుర్రెలన్నీ నోళ్ళు తెరిచాయి! బంధాలు తెగిన ఆ స్త్రీకంఠాలన్నీ ఏకమై, ఒకే గొంతై, ప్రళయకాల మేఘగర్జనలా ఉప్పొంగాయి! అది మానవకంఠం కాదు... సాక్షాత్తు ఆదిశక్తి హుంకారం! గోదాము రేకులు గాలిలోకి లేచాయి. మహాకపాలం పగిలి పొడి అయింది. పోలిరాజు చెవులు మూసుకుని నేలమీద దొర్లాడు, నోరు తెరిచాడు... కేక బయటికి రాలేదు! ఆ హుంకారం అతని ఎముకల్ని లోపల్నుంచే నుగ్గు చేసింది. ఎర్రబట్ట కింద పిడికెడు బూడిద మిగిలింది!

తవిటయ్య చెవుల్లోంచి వెచ్చగా నెత్తురు కారింది.

వెలుగు తిరిగి వచ్చింది. వీధిలో తలుపులు తెరుచుకుంటున్నాయి. ఎదురింటి అరుగు మీద ఒక చిన్నపిల్ల నోరారా ఏదో అరుస్తోంది. తల్లి దాన్ని గుండెలకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది.

గౌరీశ్వరి లేచి కూర్చుంది. "బావా," అంది. తన గొంతే! ఆనందంతో మళ్ళీ అంది. తవిటయ్య ఆమె పెదవులవైపే చూస్తున్నాడు.

"ఇనపడతందా బావా?"

అతను మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

గౌరీశ్వరి గుండె పగిలేలా ఏడ్చింది. ఏడుస్తూనే అతని చేతిని తెచ్చి తన కంఠానికి ఆనించుకుని, పిలుస్తూనే ఉంది... పిలుస్తూనే ఉంది. అరచేతి కింద అదురుతున్న ఆ గొంతు మీదినుంచి తవిటయ్య చెయ్యి తీయలేదు.