విప్పకూడని క్యాప్సూల్

కనపడిన ప్రతి వస్తువునూ విప్పి చూడటం మెకానిక్‌కు పుట్టుకతో వచ్చిన జబ్బు. అతని షాపులో మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బల్ల మీద పొట్టలు తెరుచుకుని పడుంటాయి. వాటిలో కొన్ని మళ్లీ మూతపడతాయి కూడా. అంతటి నిపుణుడు ఆ ఉదయం మందుల షాపుకు వెళ్లి మెత్తటి టూత్‌బ్రష్ అడిగాడు.

కౌంటర్ వెనకున్న ఫార్మసిస్ట్ బ్రష్ తీసి, ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుంది. ఎవరికని అడిగింది. నాన్నకని చెప్పాడు. ఎందుకని అడిగింది. బ్రష్‌కి ఇంత ఇంటర్వ్యూ ఉంటుందని తెలిస్తే బయోడేటా తెచ్చుకునేవాణ్ణని అన్నాడు. ఆమె నవ్వలేదు. నవ్వితే బాగుంటుందని అతనికి అప్పుడే అనిపించింది.

నాన్నకు మూడు రోజులుగా చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని చెప్పక తప్పలేదు. ఆయన గుండె లయ తప్పి కొట్టుకుంటోందనీ, రక్తం గడ్డకట్టకుండా రోజుకు రెండు క్యాప్సూల్స్ డాక్టరు రాశారనీ కూడా చెప్పాడు. ఆ తర్వాత, ఎవరూ అడక్కుండానే తన తెలివి బయటపెట్టుకున్నాడు.

“ఆ క్యాప్సూల్ నాన్నకి గొంతులో అడ్డం పడుతోందండీ. అందుకని విప్పేసి, లోపలి మందు చెంచాడు తేనెలో కలిపి ఇస్తున్నా. హాయిగా మింగేస్తున్నారు.”

“ఎన్నాళ్ల నుంచి?”

“వారం.”

“బ్రహ్మాండం. ఆ తొడుగు అందం కోసం పెట్టారనుకున్నారా? ఈ మందుకి అది విప్పేస్తే ఒంటికి పట్టాల్సినదానికంటే చాలా ఎక్కువ పడుతుంది. వారం నుంచి మీ నాన్నగారికి ఎక్కువ డోసు ఇస్తున్నారు. అదీ తేనెతో.”

మెకానిక్ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఈ క్షణం నుంచే మందు ఆపేస్తానన్నాడు.

“అదీ మీ అంతట మీరేనా? ఊరికే ఆపేస్తే గడ్డ కట్టి మెదడుకి వెళ్లొచ్చు. పక్షవాతం వస్తే దాన్నీ విప్పి బాగుచేస్తారా? డాక్టర్ నంబరు చెప్పండి.”

ఫోన్ ఆమే చేసింది. వెంటనే తీసుకురమ్మన్నారు. రక్తపరీక్షలు చేసి, పొడి చేసి ఇచ్చినా ఇబ్బంది లేని వేరే మాత్ర రాశారు. రెండు రోజుల్లో చిగుళ్లు కుదుటపడ్డాయి. డోసు మరిచిపోతే రెండూ కలిపి వేయకూడదు, అడక్కుండా నొప్పి మాత్రలు కొనకూడదు అని ఆమె అతనిచేత ఎక్కాల్లా అప్పజెప్పించుకుంది.

అక్కడితో ఆగలేదు. పది రోజులపాటు ఉదయం ఎనిమిదికీ, రాత్రి ఎనిమిదికీ ఫోన్ చేసింది. “వేశారా?” అనేది. “వేశాను,” అనేవాడు. ప్రేమకథల్లో ఇంతకంటే పొడుగు డైలాగులుంటాయి. మెకానిక్‌కు ఇవే చాలాయి. ఆ ఒక్క మాట కోసం తల దువ్వుకుని మరీ కూర్చునేవాడు.

పదకొండో రోజు, నాన్నగారికి అంతా బాగుందనీ, ఇక తను ఫోన్ చేయాల్సిన పని లేదనీ చెప్పేసింది. రెండు రోజులపాటు ఉదయం ఎనిమిదీ, రాత్రి ఎనిమిదీ ఊరికే వచ్చి వెళ్లాయి. ఫోన్ పాడైందేమోనని విప్పి కూడా చూశాడు. మూడో రోజు ఉదయం, ఉన్న బుద్ధంతా ఉపయోగించి, నిన్న ఉదయం మాత్ర మరిచిపోయి రాత్రి రెండూ కలిపి వేశానని ఆమెకు ఫోన్లో అబద్ధం చెప్పాడు.

పది నిమిషాల్లో ఆమె తెల్లకోటుతోనే వాళ్లింటి గుమ్మంలో ఉంది. రక్తం ఎక్కడైనా వస్తోందా, తలనొప్పి ఉందా అని పెద్దాయన్ని అడిగింది. ఆయన పేపరు పక్కన పెట్టి మాత్రల స్ట్రిప్ తెచ్చి చూపించాడు.

“నిన్నటివి పొద్దునొకటి, రాత్రొకటి. టైముకే వేసుకున్నానమ్మా. తేడా చేసింది నాకు కాదు, మా వాడికి.”

ఆమె మెకానిక్ వైపు తిరిగింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“షాపు వదిలేసి పరిగెత్తుకొచ్చాను. రేపు నిజంగానే ఏదైనా అయి ఫోన్ చేస్తే నమ్మాలా, వద్దా?”

అతనికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. “తప్పయిపోయింది. మీ ఫోన్ రాకపోతే ఏం తోచలేదు. మీరంటే ఇష్టమండీ.”

“ఈ మూడు ముక్కలు చెప్పడానికి ఆయన ప్రాణం అడ్డం పెట్టాలా?” అని విసవిసా వెళ్లిపోయింది. కొడుకు తెలివికి తండ్రి చప్పట్లు కొట్టి మళ్లీ పేపరు తీశాడు.

రాత్రి ఎనిమిదికి ఫోన్ మోగింది.

“వేశారా?”

“వేశాను. నిజంగా.”

“స్ట్రిప్ ఫోటో పంపండి. మిమ్మల్ని నమ్మడం ఇంకా మొదలుపెట్టలేదు.”

పంపాడు. చూశానని చెప్పింది. ఆ తర్వాత చెప్పడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. అయినా ఆమె ఫోన్ పెట్టేయలేదు. పక్కగదిలో పెద్దాయన టీవీ సౌండు తగ్గించాడు. వినడానికి కాదట.