ఆకుపచ్చ దుమ్ము

"నా వెనకాలే ఎవడో వచ్చి విషం చల్లిపోతున్నాడు మేడమ్!" అంటూ స్ట్రోమ్ కుర్చీలో కూలబడ్డాడు.

బాల్టిమోర్‌లో పాత ఇళ్ళకున్న, పసిపిల్లల మెదడుని దెబ్బతీసే సీసపు రంగును తొలగించే కంపెనీ అతనిది. పని పూర్తయిన ఇళ్ళు వరసగా మూడు, ప్రభుత్వ తనిఖీలో తప్పాయి. ఇంకొకటి తప్పితే కంపెనీ గుర్తింపు రద్దే.

డిటెక్టివ్ ఒడెస్సా టాలివర్ మూడో ఇంటికి వెళ్ళింది. సహాయకుడు లమాంట్‌కి ప్రత్యర్థి కంపెనీ మీద అనుమానం. ఆమె మాత్రం కిటికీ గట్టు చూపించింది.

"దుమ్ము ఏ రంగు?"

"ఆకుపచ్చ."

ఊడదీసిన పాత కిటికీలు పెరట్లోనే ఉన్నాయి. గీకి చూస్తే తెలుపు, దాని కింద గోధుమరంగు, ఆ కింద కర్ర. ఆకుపచ్చ జాడే లేదు.

శుభ్రం చేసే బృందానికి పెద్ద వర్నా తాళం పట్టుకుని నిలబడింది.

"తప్పిన మూడూ ఇలా ఖాళీ ఇళ్ళేనా?"

"అవును. పిల్లలున్న ఇల్లు ఒక్కటీ కాదు."

"నేను పిల్లల సంగతి అడగలేదే! మీకున్నారా?"

"మనవరాలు నియా. ఏడేళ్ళొచ్చినా మాటలు కూడబలుక్కుంటుంది. ఫెయిర్‌లీ వీధిలో పెరిగింది," అని వర్నా మొహం తిప్పుకుంది.

ఆ సాయంత్రమే ఒడెస్సా, లమాంట్ ఫెయిర్‌లీ వీధికి వెళ్ళొచ్చారు.

మర్నాడు ఆమె స్ట్రోమ్‌నీ, వర్నానీ, తనిఖీ అధికారి ప్రూయిట్‌నీ తన ఆఫీసులో కూర్చోబెట్టింది.

"తలుపులు పగలలేదు. తాళాలు స్ట్రోమ్, వర్నా ఇద్దరి దగ్గరే ఉన్నాయి. తన కంపెనీని తనే ముంచుకోడు కదా. పిల్లలకి హాని జరగకుండా ఖాళీ ఇళ్ళనే ఎంచుకున్నది వర్నా."

"విన్నారా! పట్టుకోండి దాన్ని!" స్ట్రోమ్ అరిచాడు.

"ఇంకా ఉంది. ఆ ఆకుపచ్చ దుమ్ము ఫెయిర్‌లీ వీధిలో వర్నా పాత ఇంటి వంటగది కిటికీది. నిన్న చూసొచ్చాం, రంగు ఇప్పటికీ రాలుతోంది. ఆ ఇంట్లో సీసం మొత్తం తీసేశానని ప్రభుత్వానికి సంతకం పెట్టిచ్చింది మీరే."



"ఎన్ని ఆఫీసులు తిరిగానో! ఒక్కడూ వినలేదు," అంది వర్నా. "అందుకే వీడి దగ్గరే పనిలో చేరా. వీడి దుమ్ము వీడికే తెచ్చిచ్చా."

"నీ మీదా కేసు తప్పదమ్మా," అన్నాడు ప్రూయిట్.

"పెట్టండి. ముందు వీడి గుర్తింపు లాక్కోండి. నా కళ్ళతో చూడాలి."

ప్రూయిట్ చెయ్యి చాచాడు. స్ట్రోమ్ మెడలోని గుర్తింపు కార్డు తీసిచ్చాడు. వర్నా తనివితీరా చూసి, అప్పుడు లేచింది. లమాంట్ వెళ్ళి ఆమె కోటు అందించాడు.